చిరిగిన దోమతెరను పక్కన పడేయకండి, సూదీ దారం తీయండి



తొలకరి పడితే మన ఖమ్మం, భద్రాచలం అడవి పల్లెల్లో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి పొలం పని, రెండోది చలిజ్వరం. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం వైపు గూడేలలోనూ, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలలోనూ మలేరియా పేరు తెలియని ఇల్లు ఉండదు. దోమతెర తెలియని ఇల్లు కూడా ఇప్పుడు అరుదే. ప్రభుత్వం పంచినదో, సంతలో కొన్నదో, ఒక తెర ఇంట్లో ఉంటుంది.

జ్వరంతో వచ్చినవారిని మేము మొదట అడిగే ప్రశ్నలలో ఒకటి, "ఇంట్లో దోమతెర ఉందా అమ్మా?" అని. "ఉంది సిస్టరమ్మా, సర్కారోళ్లు ఇచ్చిందే" అనే జవాబు చాలాసార్లు వస్తుంది. "బాగుందా?" అని అడిగితే మాత్రం కాస్త ఆగి, "చిరిగింది" అంటారు. కొందరు చిరిగిన తెరనే కట్టుకుని పడుకుంటారు. కొందరు చుట్టి అటక మీద పెడతారు. మరికొందరు కోళ్ల గంప మీద కప్పుతారు. కుట్టుకున్నవారు తక్కువ. పది నిమిషాల కుట్టుతో బాగయ్యే తెర చాలా ఇళ్లలో అలా మూలన పడి ఉంది. అందుకే ఈసారి ఈ పేజీలో మందుల గురించి కాక, సూదీ దారం గురించి రాస్తున్నాము.

చిరుగును ఎందుకు పట్టించుకోము?

చీర చిరిగితే అదే రోజు కుడతాము. బియ్యం సంచికి చిల్లి పడితే వెంటనే గుడ్డ కుక్కుతాము. గోదావరి ఒడ్డున చేపలు పట్టేవారు పూట గడవకముందే వల బాగు చేసుకుంటారు. చిల్లి ఉంటే చేప పోతుందని వారికి తెలుసు. మరి దోమతెర చిల్లిని ఎందుకు వదిలేస్తాము?

కారణం ఇది. వల చిరిగితే నష్టం ఆ పూటే కనిపిస్తుంది. తెర చిరిగితే నష్టం ఆ రాత్రి కనిపించదు. మలేరియా క్రిమి ఉన్న దోమ ఈ రాత్రి కుడితే జ్వరం రేపు రాదు. మన అడవి ప్రాంతంలో ఎక్కువ భయపెట్టే ఫాల్సిపారం రకమైతే సాధారణంగా 9 నుండి 14 రోజులకు బయటపడుతుంది. వైవాక్స్ రకం ఇంకా ఆలస్యంగా, ఒక్కోసారి నెలల తరువాత కూడా రావచ్చు. అప్పటికి ఏ రాత్రి, ఏ చిల్లి గుండా దోమ వచ్చిందో ఎవరికి గుర్తుంటుంది? వానలో తడిసినందుకు వచ్చిందనుకుంటాము, వాగునీరు తాగినందుకు అనుకుంటాము. తెర మూలన ఉన్న పిడికిలంత చిరుగు మీదికి ఎవరి దృష్టీ పోదు.

దోమ తెర లోపలికి వస్తే ఏమవుతుంది?

ఇది మన తెలుగు నేల మీదే తేలిన సంగతి. సర్ రోనాల్డ్ రాస్ అనే వైద్యుడు సికింద్రాబాదులో పనిచేస్తూ, 1897 ఆగస్టు 20న, మలేరియా రోగి రక్తం తాగిన అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశారు. ఆ పనికి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని నేటికీ ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటున్నాము. ఆ ప్రయోగాలలో ఆయన రోగిని దోమతెరలో పడుకోబెట్టి, తాను పెంచిన దోమలను తెర లోపలికి వదిలేవారు. దోమలు బయటికి పోకుండా, రోగినే కుట్టేలా ఆ ఏర్పాటు చేశారు.

చిరిగిన తెరలో పడుకున్నవారి పరిస్థితీ ఇంచుమించు అంతే. దోమకు మన ఊపిరి వాసన, ఒంటి వెచ్చదనం తెలుస్తాయి. అది తెర మీద వాలి, దారి కోసం అటూ ఇటూ తిరుగుతుంది. చిల్లి దొరికితే లోపలికి వస్తుంది. లోపలికి వచ్చాక బయటికి దారి అంత సులువుగా దొరకదు. రాత్రంతా మనతోనే ఉంటుంది. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమలు పొద్దు గూకినప్పటి నుండి తెల్లవారే వరకు కుడతాయి. అంటే మనం నిద్రపోయే వేళే వాటి వేళ.

మందు పూసిన తెర చిరిగినా పనిచేయదా?

కొంత పనిచేస్తుంది. మన దేశంలో 2009 నుండి ప్రభుత్వం పంచుతున్న తెరల దారంలోనే దోమలమందు ఉంటుంది. తెరను తాకిన దోమ చావవచ్చు, తూలిపోయి దూరంగా పోవచ్చు. కాబట్టి చిరిగిన తెర కూడా అసలు తెర లేనిదానికంటే మేలే. తెరను పారేయకండి అనడానికి ఇదొక కారణం.

అయితే మందు ఎప్పటికీ అలాగే ఉండదు. ఈ తెరలు సుమారు 20 ఉతుకుల వరకు, మూడేళ్ల వరకు పనిచేసేలా తయారవుతాయి. పైగా ఈ మందులకు లొంగని దోమలు మన దేశంలోనూ కొన్నిచోట్ల కనిపిస్తున్నాయి. మందు బలం తగ్గేకొద్దీ మనలను కాపాడేది ఆ జాలీ గుడ్డే. ఒక చదరపు అంగుళంలో సుమారు 156 కళ్లు ఉండే ఆ గుడ్డలో దోమ దూరదు. చిల్లి పడితే మాత్రం గుడ్డ కాపలా అక్కడితో ఆగిపోతుంది.

మీ తెర ఏ స్థితిలో ఉంది? ఇలా లెక్క వేయండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ చిరుగులను కొలవడానికి ఒక సులువైన పద్ధతి చెప్పింది. స్కేలు అక్కరలేదు. మీ చేయి, మీ తల చాలు.

1. బొటనవేలు కూడా పట్టని చిన్న చిల్లి (అర సెంటీమీటరు నుండి 2 సెంటీమీటర్లు): 1 మార్కు.
2. బొటనవేలు పట్టి, పిడికిలి పట్టని చిల్లి (2 నుండి 10 సెంటీమీటర్లు): 23 మార్కులు.
3. పిడికిలి పట్టి, తల పట్టని చిరుగు (10 నుండి 25 సెంటీమీటర్లు): 196 మార్కులు.
4. తల పట్టే చిరుగు (25 సెంటీమీటర్ల పైన): 576 మార్కులు.

అన్నీ కూడండి. మొత్తం 64 లోపు ఉంటే తెర బాగున్నట్టు. 65 నుండి 642 వరకు ఉంటే దెబ్బతిన్నది, కానీ వాడవచ్చు. 642 దాటితే చాలా చిరిగినట్టు. కుట్టిన చిరుగులను ఈ లెక్కలో చేర్చనక్కరలేదు.

ఈ మార్కులు ఒకసారి గమనించండి. పిడికిలి పట్టే చిరుగు ఒక్కటి 196 చిన్న చిల్లులతో సమానం. కనుక ఓపిక, దారం తక్కువగా ఉంటే ముందు పెద్దదాన్ని కుట్టండి. ఉదాహరణకు, ఒక తెరకు తల పట్టే చిరుగు ఒకటి, బొటనవేలు పట్టే చిల్లులు నాలుగు ఉన్నాయనుకోండి. మొత్తం 668, పారేయవలసిన తెర అనిపిస్తుంది. ఆ పెద్ద చిరుగు ఒక్కటి మూసేస్తే మిగిలేది 92. ఇంకో రెండు చిల్లులు కుడితే 46. తెర మళ్లీ బాగున్న తెరల లెక్కలోకి వచ్చింది.

కుట్టే ముందు

తెర మాసి ఉంటే ముందు ఉతికి, నీడలో ఆరబెట్టండి. తరువాత పగటి వెలుతురులో, గుమ్మానికి ఎదురుగా కట్టండి. ఒకరు లోపల కూర్చుని, ఒకరు బయట నిలబడి చూస్తే చిల్లులు బాగా కనిపిస్తాయి. ప్రతి చిల్లి దగ్గరా ఒక రంగు దారం ముడి వేసి గుర్తు పెట్టుకోండి. కింది భాగాన్ని మరీ జాగ్రత్తగా చూడండి. పరుపు కిందికో చాప కిందికో రోజూ దోపేది ఆ భాగమే. మంచం కోళ్లకు, మేకులకు తగులుకుని చిరిగేదీ అక్కడే.

కావలసినవి: సన్నని సూది, కత్తెర, టైలరు దగ్గర దొరికే పాలిస్టరు దారం. నూలు దారమైనా పరవాలేదు గాని, చెమ్మకు తొందరగా పుచ్చుతుంది. మాసిక వేయడానికి పనికిరాని పాత తెర ముక్కను దాచి ఉంచుకోండి. దారం రెండు పేటలుగా ఎక్కించండి. తెర కళ్లలోంచి చిన్న ముడి జారిపోతుంది కనుక, మొదటి కుట్టును నాలుగైదు పోగుల చుట్టూ తిప్పి గట్టిగా ముడి వేయండి.

కుట్టే విధానాలు

చిన్న చిల్లి: దీనికి సూది కూడా అవసరం లేదు. చిల్లి చుట్టూ ఉన్న గుడ్డను రెండు వేళ్లతో కుచ్చులా పట్టుకుని, దాని మొదట్లో దారం ఐదారు చుట్లు చుట్టి ముడి వేయండి. చిన్న మొటిమలా కనిపిస్తుంది, అంతే. పొలం దగ్గర మంచె మీద పడుకున్నప్పుడు చిల్లి కనిపించినా ఇలా వెంటనే కట్టేయవచ్చు.

పొడవు చిరుగు: రెండు అంచులను దగ్గరికి తెచ్చి, ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఎక్కేలా పట్టుకోండి. చిరుగు మొదలైన చోట కాక, దానికి అర అంగుళం ముందు, గట్టిగా ఉన్న గుడ్డలో కుట్టు మొదలుపెట్టండి. అంచుల మీదుగా దారం తిప్పుతూ కుట్టుకుంటూ పోయి, చిరుగు దాటిన తరువాత మరో అర అంగుళం వెళ్లి ముగించండి. కుట్టుకీ కుట్టుకీ మధ్య దూరం వడ్లగింజ మందం మించకూడదు. దారాన్ని బిగించి లాగకండి. లాగితే పోగులు తెగి పక్కనే కొత్త చిల్లి పడుతుంది. మూల తిరిగిన చిరుగైతే ఆ మూల దగ్గర మొదలుపెట్టి రెండు వైపులకీ కుట్టండి.

పెద్ద చిరుగు: దీని అంచులను లాగి కుడితే తెర ముడుచుకుపోయి, పక్క మీదికి సరిగా దిగదు. మాసిక వేయాలి. చిరుగుకు నాలుగు వైపులా రెండు అంగుళాలు ఎక్కువ ఉండేలా పాత తెర ముక్క కత్తిరించండి. అంచులు లోపలికి మడిచి, ముందు నాలుగు మూలలా ఒక్కో టాకా వేయండి. తెర వదులుగా, చదునుగా ఉందో లేదో చూసుకుని చుట్టూ కుట్టండి. తరువాత చిరుగు అంచు వెంట లోపల మరో వరుస కుట్టండి. పాత తెర ముక్క లేకపోతే పలుచని నూలు చీర ముక్క వేయవచ్చు. దాని గుండా దోమ రాదు. గాలి మాత్రం కాస్త తగ్గుతుంది.

కింది అంచు: అక్కడ ఎన్నిసార్లు కుట్టినా మళ్లీ చిరుగుతుంటే, చుట్టూ జానెడు వెడల్పున నూలు గుడ్డ అంచు వేయించండి. రోజూ దోపినా రాపిడి ఆ గుడ్డకు తగులుతుంది, జాలీకి తగలదు. టైలరు మిషను మీద ఇది కొద్దిసేపటి పని.

గుడారాల తెరలు, జిప్పు తెరలు

మడత పెట్టే గుడారంలాంటి దోమతెరలు, పసిపిల్లల గొడుగు తెరలు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నాయి. అడవిలో పని మీద తిరిగేవారు, సెలవులకు గుడారం వేసుకునేవారు వాడే డేరాల కిటికీలకూ ఇలాంటి జాలీయే ఉంటుంది. వీటికి కూడా పై పద్ధతులే. రెండు విషయాలు మాత్రం అదనంగా చూసుకోవాలి.

ఒకటి జిప్పు. పళ్లు పట్టకుండా విడిపోతుంటే జిప్పు లాగే ముక్కను రెండు పక్కలా పటకారుతో కొద్దిగా నొక్కండి. బిగుసుకుపోతే పళ్ల మీద కొవ్వొత్తి గాని, పొడి సబ్బు గాని రుద్దండి. జిప్పు పూర్తిగా పాడైతే సగం వరకు కుట్టేసి, మిగతా సగాన్ని బట్టల క్లిప్పులతో మూసుకోండి. రెండోది, జాలీ అడుగు గుడ్డతో కలిసే కుట్టు. బిగించి కట్టిన గుడారం తరచు అక్కడే విడిపోతుంది. దాన్ని రెండు వరుసలుగా కుట్టండి.

రాత్రివేళ చిరుగు కనిపిస్తే లోపలా బయటా ఎదురెదురుగా టేపు అంటించి ఆ రాత్రి గడపవచ్చు. తెల్లవారాక కుట్టాలి. చిల్లిని అగరుబత్తితోనో వేడి కత్తితోనో కరిగించి అతకాలని చూడకండి. ఈ గుడ్డ నూలు కాదు, ప్లాస్టిక్ జాతి దారం. చిల్లి పెద్దదవుతుంది, నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది.

మళ్లీ చిరగకుండా ఉండాలంటే

- పగలు తెరను పైకి చుట్టి, ముడి వేసి ఉంచండి. పిల్లలు పట్టుకుని ఊగకుండా ఉంటుంది.
- నులక మంచం కోళ్లకు పెచ్చులు లేచి ఉంటే నునుపు చేయండి, లేదా పాత గుడ్డ చుట్టండి. బయటికి వచ్చిన మేకులను కొట్టేయండి.
- తెర దగ్గర దీపం, కొవ్వొత్తి, బీడీ వద్దు. పొయ్యి రవ్వలు పడే చోట కట్టకండి.
- తెరలో కూర్చుని అన్నం తినకండి. తిండి వాసనకు ఎలుకలు కొరుకుతాయి.
- మరీ మాసినప్పుడే, చల్లని నీటితో, మామూలు సబ్బుతో ఉతకండి. బండకేసి బాదవద్దు, నానబెట్టి ఉంచవద్దు, బ్లీచింగ్ పౌడరు వాడవద్దు. ఎండలో ఆరేయవద్దు.
- ఉతికిన నీరు గోదావరిలో, వాగులో, చెరువులో కలవకూడదు. తెరలోని మందు చేపలకు విషం. అదే కారణంతో దోమతెరతో చేపలు పట్టకూడదు.

తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: మందు పూసిన తెరను కుడితే చేతులకు ఏమైనా అవుతుందా?
జవాబు: కాదు. కొందరికి చర్మం కాస్త చురుక్కుమనవచ్చు, తుమ్ములు రావచ్చు. కుట్టడం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. కొత్త తెరనైతే కట్టే ముందు ఒక రోజు నీడలో ఆరవేయండి.

ప్రశ్న: ఇంట్లో నలుగురం, బాగున్న తెర ఒక్కటే. ఎవరు పడుకోవాలి?
జవాబు: ముందు గర్భిణి, తరువాత ఐదేళ్ల లోపు పిల్లలు. మలేరియా వీరికి ఎక్కువ ప్రమాదం. గర్భిణికి వస్తే తల్లికి రక్తం తగ్గుతుంది, బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. మిగతావారికోసం ఆ చిరిగిన రెండో తెరను ఈ వారమే కుట్టండి.

ప్రశ్న: మిరప కోతలకు, తునికాకు సేకరణకు వెళ్లి పట్టాల కింద పడుకుంటాము. తెర ఎక్కడ కట్టాలి?
జవాబు: నాలుగు కర్రలు పాతి కట్టవచ్చు. చెట్టు కొమ్మకు, పట్టా గుంజలకు కూడా కట్టవచ్చు. అంచులు చాప కిందికి దోపడం మరవకండి. సంచిలో ఒక సూది, దారం ఉండ వేసుకు వెళ్లండి.

ప్రశ్న: ఇక కుట్టడానికి వీల్లేనంతగా చిరిగితే?
జవాబు: కొత్తది చేతికి వచ్చేవరకు పాతదాన్ని వాడండి. మీ ఊరి ఆశ కార్యకర్తకు, ఏ.ఎన్.ఎం.కు చెప్పి పేరు రాయించండి. కొత్తది వచ్చాక పాతదాన్ని మాసికలకు, కిటికీ జాలీలకు దాచుకోండి. తగలబెట్టవద్దు, నీటిలో పడేయవద్దు.

తెర ఉన్నా జ్వరం వస్తే

తెర రాత్రి కాపాడుతుంది. చీకటి పడ్డాక తెర బయట ఉన్న వేళ దోమ కుట్టవచ్చు. కనుక జ్వరం వస్తే, "మేము తెరలోనే పడుకుంటున్నాము గదా" అని ఊరుకోవద్దు. ఒక రోజు దాటకుండా రక్తపరీక్ష చేయించండి. ఆశ కార్యకర్త దగ్గర ఉండే కిట్టుతో కొద్ది నిమిషాల్లోనే తెలుస్తుంది. మలేరియా అని తేలితే, జ్వరం తగ్గినా సరే, ఇచ్చిన మాత్రలన్నీ పూర్తిగా వేసుకోవాలి. వైవాక్స్ రకానికి ఇచ్చే ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు వేసుకోవాలి. మధ్యలో మానితే జ్వరం తిరగబెడుతుంది. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు ఈ మాత్ర ఇవ్వకూడదు, కనుక ఒకరి మాత్రలు మరొకరికి ఇవ్వవద్దు. మాట తడబడినా, మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, మూత్రం నల్లగా వచ్చినా, కళ్లు పచ్చబడినా, పసిబిడ్డ పాలు తాగకపోయినా ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి.

మన దేశంలో 2015లో 11 లక్షలకు పైగా నమోదైన మలేరియా కేసులు 2023 నాటికి సుమారు 2 లక్షల 27 వేలకు తగ్గాయి. 2030 నాటికి మలేరియా లేని దేశం కావాలన్నది లక్ష్యం. తగ్గేకొద్దీ మిగిలేది మనలాంటి వాగులు, కొండలు, అడవులు ఉన్న ప్రాంతాలలోనే. మందు చల్లేవారు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తారు. తెరలు పంచేవారు కొన్నేళ్లకొకసారి వస్తారు. మధ్యలో ఉన్న రాత్రులన్నీ మన ఇంటి తెర మీదే ఆధారపడి ఉన్నాయి.

ఈ పేజీ చదివాక మీ ఇంటి తెరను ఒకసారి దించి వెలుతురులో చూడండి. చదవడం రాని ఇరుగుపొరుగువారికి ఆ మార్కుల లెక్క చెప్పండి. కుట్టు వచ్చినవారు కళ్లు కనిపించని పెద్దవారి తెర కూడా కుట్టి పెట్టండి. చిల్లి కనిపించిన రోజునే, చీకటి పడకముందే కుట్టేయండి.